హోసూరు బెంచీ మీద మూడో మనిషి

వ్యాపార పరిచయాల కోసం హోసూరు వెళ్లాలనుకునే చిన్న వర్క్‌షాపు యజమానులు ఎవరైనా ఇది చదువుతుంటే, నేను పెట్టెలో ఏమేం పెట్టుకుని వెళ్లానో ముందు చెబుతాను. విజిటింగ్ కార్డులు వంద. ధరల పట్టిక నకళ్లు ముప్పై. నమూనా ప్లగ్ గేజీలు ఆరు, ఒక్కొక్కటీ నూనె కాగితంలో చుట్టి చెక్కపెట్టెలో సర్దినవి. మైక్రోమీటర్ ఒకటి. ఇస్త్రీ చేసిన చొక్కాలు నాలుగు. హైదరాబాద్ కంపెనీ ఒకటి పంపిన ఉద్యోగపు ఉత్తరం. స్వెటర్ పెట్టుకోలేదు. డిసెంబరులో వెళ్లేవారు పెట్టుకోవాలి.

ప్లగ్ గేజీ అంటే రెండు కొనలున్న ఉక్కు ముక్క. యంత్రభాగంలో వేసిన రంధ్రంలోకి దాని ఒక కొన దూరాలి, రెండో కొన దూరకూడదు. అప్పుడే ఆ రంధ్రం కొలతలో ఉన్నట్టు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక అద్దె షెడ్డులో నేనూ, సత్తిబాబు అనే గ్రైండింగ్ పనివాడూ వీటిని తయారు చేస్తాం. డిప్లొమాలో నాతో చదివి, షెడ్డులో నాతో భాగస్వామిగా చేరిన మిత్రుడు మొన్న వేసవిలో పుణెలో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. మా చుట్టుపక్కల లారీ బాడీలు కట్టేవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఇంత సన్నని కొలతలతో పని లేదు. హోసూరులో మోటారు విడిభాగాలు చేసే చిన్న షాపులు వీధికి పది ఉంటాయని విన్నాను. ఉద్యోగపు ఉత్తరానికి సోమవారంలోగా జవాబు చెప్పాలి. అప్పటికి ఒక్క ఆర్డరైనా వస్తే షెడ్డు నిలుస్తుంది. రాకపోతే మూసేసి హైదరాబాద్ వెళ్లాలి. సత్తిబాబుకు ఈ సంగతి చెప్పే బయల్దేరాను.

బుధవారం: హోటల్ హాలు

చిన్న పరిశ్రమలవాళ్లు ఒక హోటల్లో పరిచయ సమావేశం పెట్టారు. కుర్చీలు అరవై, వచ్చినవాళ్లు నలభై ముగ్గురు. మొదట ఒకాయన రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు ఆగిపోతాయా, ఆగవా అన్న విషయం మీద చాలాసేపు మాట్లాడాడు. హాల్లో ఎంతమంది దగ్గర కంప్యూటర్ ఉందో ఆయన అడగలేదు. తర్వాత ఒక్కొక్కరికీ ఒక నిమిషం. నేను ఇంగ్లీషులో రాసుకుని, లాడ్జి అద్దం ముందు గడియారం పెట్టుకుని సాధన చేసి, నలభై ఎనిమిది సెకన్లకు కుదించుకున్నాను. నా ముందు మాట్లాడినవాళ్లంతా అరవంలో మాట్లాడి నవ్వించారు. నేను ఎవరినీ నవ్వించకుండా నలభై ఎనిమిది సెకన్లలో ముగించి కూర్చున్నాను.

భోజనాల దగ్గర అందరూ ముగ్గురు నలుగురుగా జట్లు కట్టి నిలబడ్డారు. ఏళ్ల తరబడి అలాగే నిలబడుతున్నట్టున్నారు, కొత్తవాడు దూరే సందు లేదు. పళ్లెం పట్టుకుని ప్రతి జట్టు అంచునా కాసేపు నిలబడ్డాను. ఇచ్చిన కార్డులు ముప్పై ఒకటి, తీసుకున్నవి పంతొమ్మిది. ఒకాయన నా కార్డు మూలతో పళ్లు కుట్టుకుంటూ నాతోనే ఎంతో మర్యాదగా మాట్లాడాడు. కృష్ణగిరిలో మామిడి గుజ్జు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీ మేనేజరు మాత్రం నా చేయి పట్టుకుని ఊపాడు. ‘‘రాండి, మా ఫ్యాక్టరీకి రాండి, మాట్లాడుదాము’’ అన్నాడు. శుక్రవారం వస్తానన్నాను. ‘‘దానికేమి, రాండి’’ అన్నాడు. డైరీలో రాసుకున్నాను.

ఆ ఊరి తెలుగు నాకు మొదట వినిపించింది చేతులు కడుక్కునే దగ్గర. వెనక నుంచి ఎవరో ‘‘ఏమప్పా, యాడికి పోయినావు ఇన్ని దినాలు?’’ అన్నారు. నన్నే అనుకుని నవ్వుతూ వెనక్కి తిరిగాను. నన్ను కాదు.

సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి, ఆటోనగర్‌లో మా పక్క టీకొట్టు ఫోనుకు చేసి సత్తిబాబును పిలిపించాను.

‘‘ఏమన్నా తగిలిందాండీ?’’

‘‘ఇంకా లేదు.’’

‘‘మరేం పర్లేదండీ. రేపుంది కదండీ’’ అన్నాడు. మీటరు తిరుగుతోంది కదా అని పెట్టేశాను.

గురువారం: పద్నాలుగు గేట్లు

ఆ రోజు పద్నాలుగు షాపుల గేట్లు తట్టాను. అయిదు చోట్ల వాచ్‌మనే పంపేశాడు. నాలుగు చోట్ల తమకు గేజీలు బెంగళూరు నుంచి వస్తాయన్నారు. నలుగురు ధరల పట్టిక తీసుకుని, పైనుంచి కిందికి చదివి, మడిచి వెనక్కి ఇచ్చారు. బెంగళూరు ధరకన్నా నావి అయిదో వంతు తక్కువ. అదే నా బలం అనుకుని వెళ్లాను.

పద్నాలుగో షాపు మునిరత్నంది. నలభై ఏళ్ల మనిషి. ఉక్కును చెక్కే లేతు యంత్రాలు మూడు, ఇద్దరు పనివాళ్లు, షాపు వెనకే ఇల్లు. పట్టిక చూసి ఆయనా మడిచాడు కాని, ఎందుకు మడిచాడో చెప్పాడు.

‘‘గేజీ ఏమన్నా టమాటానా అప్పా, అగ్గవగా ఉండాదని కొనేకి? నీ గేజీ తప్పు చూపిస్తే నా సరుకంతా వాపసు వస్తాది. అగ్గవ గేజీ అంటే ఈడ అందరికీ భయం.’’

‘‘కొలత తప్పు ఉండదండి. ప్రతిదీ నేనే చూసి పంపుతాను.’’

‘‘నువ్వు చూస్తావు సరే. నిన్ను ఎవరు చూసినారు?’’ అని నవ్వాడు. తర్వాత గడియారం వంక చూసి, ‘‘సాపాటు అయిందా?’’ అన్నాడు. కాలేదన్నాను. అక్కడ ఆ ప్రశ్నకు కాలేదని జవాబిస్తే ఇక పంపరు. షాపు మధ్యలోంచి నన్ను ఇంట్లోకి నడిపించాడు.

రాగిముద్ద, పితికిపప్పు చారు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్క గింజకూ తొక్క వేళ్లతో పితికి తీసి చేసేది. చలికాలంలోనే దొరుకుతుందట. ఒక పూట కూరకు ఎన్ని గింజలు పితకాలో లెక్క వేయబోయి మానేశాను. ముద్దను అన్నంలా నములుతుంటే మునిరత్నం భార్య గుమ్మంలోంచి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది.

‘‘నమలకూడదప్పా. చారులో అద్దుకొని మింగాల. మీ పక్క ముద్ద తినరా?’’

‘‘మా వైపు అన్నమేనండి, మూడు పూటలా.’’

‘‘అందుకే ఇట్ల ఉండావు’’ అంది. మునిరత్నం నా మణికట్టు వైపు చూసి తలాడించాడు. ఆ అయిదు రోజుల్లో నేను ఇంకొకరితో కలిసి కూర్చుని తిన్న భోజనం అదొక్కటే.

వచ్చేటప్పుడు ఆయన నా నమూనా గేజీని పట్టుకుని చాలాసేపు తిప్పి చూశాడు. ‘‘శనివారం రా. కొత్త ఆర్డరు డ్రాయింగు వస్తాది. నాలుగు గేజీలు కావాల. బెంగళూరోడికి చెప్పేకి ముందు నీకు చెప్తాను’’ అన్నాడు. ఆ సాయంత్రం సత్తిబాబుతో చెప్పడానికి నాకు ఒక మాట ఉంది.

శుక్రవారం: కృష్ణగిరి

దారి పొడవునా మామిడితోపులు. కృష్ణగిరిలో ఊరి నెత్తిన ఒకే రాతి కొండ, దాని మీద పాత కోట గోడ. బస్టాండు దగ్గర నాలుగు ఇడ్లీ తిన్నాను. సాంబారు బకెట్టుతో తెచ్చి, వద్దనేదాకా పోస్తారు. మా బెజవాడలో గిన్నెతో కొలిచి పోసి, రెండోసారి అడిగితే ముఖం చూస్తారు.

ఫ్యాక్టరీ గేటుకు తాళం. లోపల స్టూలు మీద ముసలి వాచ్‌మన్. అరవంలో ఏదో అడిగి, నా జవాబు విని తెలుగులోకి మారాడు.

‘‘మాంగా కాలంలో రావాల సార్. ఇప్పుడు ఈడ ఎవరుండారు?’’

‘‘మేనేజరు గారు రమ్మన్నారండి. మొన్న బుధవారమే.’’

‘‘ఆయన అందరినీ రమ్మంటాడు. మంచి మనిషి. కోయంబత్తూరు పోయినాడు, పొంగల్ అయినాక వస్తాడు.’’

నాతో పరిహాసం ఆడుతున్నాడేమోనని చూశాను. కాదు. తాళం తీసి లోపలికి రమ్మన్నాడు. యంత్రాల మీద టార్పాలిన్లు కప్పి తాళ్లతో కట్టేసి ఉన్నాయి. ఇంకా ఆర్నెల్లు అలాగే ఉంటాయట. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు కాగితంలో పోసి నా ముందు పెట్టాడు. నేను ఏం పని చేస్తానో అడిగితే గేజీ చూపించాను. గేటు గొళ్లెం రంధ్రంలో పెట్టి చూసి, ‘‘దూరలేదే’’ అన్నాడు.

‘‘ఆ రంధ్రానికి చేసింది కాదండి.’’

‘‘దీన్ని ఎత్తుకొని అంత దూరం నుండి వచ్చినావా? బర్గూరు పో. ఆడ రాయి కోసేటోళ్లు నిండా మంది ఉండారు.’’ కాస్త ఆలోచించి తనే అన్నాడు, ‘‘వద్దులే. వాళ్లు జానతో కొలుస్తారు.’’

తిరుగు బస్సులు అరగంటకొకటి ఉన్నాయి. అయినా రెండు గంటలు అక్కడే కూర్చున్నాను. ఆయన తన ముగ్గురు కూతుళ్ల ఊళ్లు చెప్పాడు, నేను ఆటోనగర్ గురించి చెప్పాను. బయల్దేరేటప్పుడు ఒక కార్డు ఇచ్చాను. చదవడం రాదన్నాడు కాని, చొక్కా జేబులో పెట్టుకుని గుండీ పెట్టుకున్నాడు. ‘‘మళ్లా రా సార్. మాంగా కాలం దాకా ఈడికి ఎవరూ రారు’’ అన్నాడు.

శనివారం: హార్డెనింగ్ షాపు

మునిరత్నం షాపులో లేడు. నారాయణప్ప నడిపే హార్డెనింగ్ షాపుకు పోయినాడని పనివాడు దారి చెప్పాడు.

లేతు మీద చేసిన ఉక్కు భాగాలు గట్టిపడాలంటే ఫర్నేసులో కాల్చి నూనెలో ముంచాలి. ఆ తర్వాత వాటిని మామూలు లేతు పనిముట్టు కోయలేదు. ఏ తప్పున్నా అంతకుముందే సరిచేసుకోవాలి. ఫర్నేసు పెట్టుకునే శక్తి చిన్న షాపులకు ఉండదు కనుక, ఆ చుట్టుపక్కల అందరూ నారాయణప్ప దగ్గరికే వస్తారు. సరుకు బయటికి వచ్చేదాకా గోడ పక్కన పొడుగాటి బెంచీ మీద కూర్చుంటారు. నేను వెళ్లేసరికి అక్కడ ఎనిమిది మంది ఉన్నారు. వాళ్లలో నలుగురు గురువారం నా ధరల పట్టిక మడిచి ఇచ్చినవాళ్లు. ఏ షాపుకు కొత్త ఆర్డరు వచ్చింది, ఎవరి లేతు అమ్మకానికి ఉంది, ఏ కంపెనీ సరుకు తిప్పి పంపుతోంది, అన్నీ ఆ బెంచీ మీదే నడుస్తున్నాయి. హోటల్ హాలుకు నేను కట్టిన రుసుముతో ఇక్కడ నెల రోజులు టీ తాగొచ్చు.

ఫర్నేసు ముందు గొడవ జరుగుతోంది. పంపుసెట్లు బిగించే యూనిట్ నడిపే శారదమ్మ, యాభై ఏళ్లావిడ, తన చేతిసంచిని ఒక ఇనుప ట్రే మీద పెట్టి పక్కనే నిలబడి ఉంది. ట్రేలో మునిరత్నం ఆమెకోసం చేసిన రెండు వందల బుష్‌లు ఉన్నాయి. బుష్ అంటే పొట్టి ఉక్కు గొట్టం, దాని మధ్య రంధ్రంలో, అంటే బోరులో, పంపు షాఫ్టు తిరుగుతుంది.

‘‘సంచి తియ్యమ్మా. ఫర్నేసు కాలతా ఉండాది’’ అన్నాడు మునిరత్నం.

‘‘నా షాఫ్టు దూరలేదప్పా వీటిలో. బోరు చిన్నగా ఉండాది. ఇట్లనే కాల్చినావంటే రెండు నూర్లూ గుజిరీకే, పాత ఇనుము కిందికే.’’

‘‘నా గేజీ దూరతా ఉండాది కదా. నీ షాఫ్టే లావుగా ఉండాదేమో.’’

‘‘నా షాఫ్టు లావు కాదు, నేను లావు’’ అంది ఆవిడ. బెంచీ మీద అందరూ నవ్వారు, మునిరత్నం కూడా. సంచి మాత్రం అలాగే ఉంది.

నారాయణప్ప ఫర్నేసు తలుపు మూసి, బెంచీ వైపు చూసి, నన్ను పిలిచాడు. ‘‘ఏమప్పా బెజవాడాయనా, గేజీలు ఎత్తుకొని తిరగతా ఉండావంట కదా. నువ్వు కొలువు.’’

అక్కడి పద్ధతి నాకు అప్పుడే తెలిసింది. చేసినవాడికీ కొన్నవాడికీ కొలత దగ్గర తగువు వస్తే బెంగళూరు ల్యాబుకు పోరు. ఇద్దరికీ సంబంధం లేని మూడో మనిషి ఈ బెంచీ మీదే కొలుస్తాడు. తప్పున్నవాళ్లు అందరికీ టీ పోయిస్తారు. తగువు అంతటితో సరి.

‘‘ఒకటి చెప్తా ఉండాను విను’’ అన్నాడు నారాయణప్ప. ‘‘కొలిచినోడు ఆ ఇద్దరి తావా మళ్లా యాపారం చెయ్యకూడదు. లేదంటే ప్రతి ఒకడూ, నీ గేజీ చెడిపోయింది, నా తావ కొత్తది కొనుక్కో అంటాడు.’’

‘‘ఎన్నాళ్లు చేయకూడదండి?’’

‘‘ఎన్నాళ్లేమప్పా. ఉండేవరకూ.’’

మునిరత్నం నాకు చెబుతానన్న నాలుగు గేజీలే నా చేతిలో ఉన్న ఒకే ఒక ఆశ. ఊరికి కొత్తవాణ్ని, నాకెందుకు అని తప్పుకోవచ్చు. ఎందుకు తప్పుకోలేదో తర్వాత ఆలోచించాను. రెండు కారణాలు. కొలత తప్పై ఉంటే అరగంటలో రెండు వందల ముక్కలు పాడవుతాయి, ఆ బోరు కొలతకు సరిపోయే గేజీ నా పెట్టెలోనే ఉంది. రెండోది, ఆ ఊళ్లో నాలుగు రోజుల్లో నన్ను ఒకరు ఒక పని చేయమని అడగడం అదే మొదటిసారి. మునిరత్నం కూడా, ‘‘కొలువప్పా. గేజీలు ఇంకొకరు కొంటారులే’’ అన్నాడు. తన గేజీ మీద ఆయనకు అంత నమ్మకం.

బుష్‌లు, రెండు గేజీలు, మైక్రోమీటర్ అన్నీ ఫర్నేసుకు దూరంగా ఆఫీసు గదిలో ఇనుప పలక మీద పెట్టి, అరగంట ఎవరూ ముట్టుకోకూడదన్నాను. వేడికి ఉక్కు పెరుగుతుంది, చేతి వేడికైనా. అన్నీ ఒకే చల్లదనానికి రావాలి.

‘‘పెండ్లి ముహూర్తం మాదిరి చేస్తా ఉండాడే’’ అన్నారు బెంచీ మీద ఒకరు.

అరగంట తర్వాత నా గేజీ దూరాల్సిన కొన పది బుష్‌లలో పెట్టి చూశాను. ఒక్కదానిలోనూ దూరలేదు. మునిరత్నం గేజీ పదింటిలోనూ దూరింది. అప్పుడు ఆయన గేజీని మైక్రోమీటర్లో పెట్టాను. తొమ్మిది మైక్రాన్లు తక్కువ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఏళ్ల తరబడి రంధ్రాల్లో దూరీ దూరీ గేజీ అరిగిపోయింది. అది సన్నబడిన కొద్దీ ఆయన బోర్లూ సన్నబడ్డాయి. మూడుసార్లు చూశాను. నారాయణప్పను కూడా చదవమన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ‘‘తొమ్మిది’’ అన్నాడు.

శారదమ్మ సంచి తీసి భుజాన వేసుకుంది. ‘‘మంగళవారం దాకా టైము తీసుకోప్పా’’ అని నెమ్మదిగా చెప్పింది. మునిరత్నం తన గేజీని గుడ్డతో తుడిచి జేబులో వేసుకుని బయటికి వెళ్లి టీ తెచ్చాడు. అందరికీ గ్లాసులు తనే ఇచ్చాడు. నాదీ ఆయనే ఇచ్చాడు. నా ముఖం చూడలేదు. ట్రే ఎత్తుకుని వెళ్లిపోయాడు.

కాసేపటికి, పెండ్లి ముహూర్తం అన్నాయన జేబులోంచి ఒక గేజీ తీసి, ‘‘దీన్ని కూడా చూడప్పా, ఊరికే’’ అన్నాడు. ఆయన చూపించుకున్నాక ఇంకొకరు సైకిలు మీద షాపుకు వెళ్లి మూడు తెచ్చారు. సాయంత్రం నాలుగింటికి పదిహేడు గేజీలు చూశాను. అందులో ఆరు అరిగినవి. వీళ్లెవరికీ ఆ తగువుతో సంబంధం లేదు కనుక నేను అమ్మవచ్చునని నారాయణప్పే తీర్పు చెప్పాడు. ముగ్గురు కలిపి అయిదు కొత్త గేజీలకు ఆర్డరు చెప్పారు. ధర చివర్లో అడిగారు. నెలకొకసారి వచ్చి అందరి గేజీలూ చూసిపొమ్మన్నారు. నారాయణప్ప ఆటోనగర్ టీకొట్టు నంబరు అడిగి, గోడ మీద పెద్ద అంకెలతో చాక్‌పీసుతో రాశాడు.

ఫోనులో సత్తిబాబుకు అయిదు గేజీల కొలతలూ చెప్పి రాసుకోమన్నాను. రాసుకున్నాడు. తిరిగి చదివి వినిపించాడు.

‘‘అయితే రేపొద్దున్నే గ్రైండింగ్ వీల్ మార్చేస్తానండీ’’ అన్నాడు.

ఆదివారం: బయల్దేరే ముందు

పొద్దున మునిరత్నం షాపుకు వెళ్లాను. పనివాళ్లకు సెలవు. ఒక్కడే లేతు మీద బుష్‌లకు బోరు పెద్దది చేస్తున్నాడు. అప్పటికి అరవై దాకా అయినట్టున్నాయి. ఎవరి దగ్గరో అడిగి తెచ్చిన గేజీ పక్కన ఉంది.

‘‘కొలత సరిగ్గానే ఉండాదప్పా. నిన్న పోయి ఇంకొకరి మైక్రోమీటర్లో చూసుకొన్నాను’’ అన్నాడు, లేతు ఆపకుండా.

‘‘నేను కూర్చుని ఒక్కొక్కటీ కొలిచి పెడతానండి. మధ్యాహ్నం దాకా ఖాళీయే.’’

‘‘వద్దప్పా. నువ్వు ఈ పనిలో చెయ్యి పెట్టకూడదు. బెంచీ తావ మాట ఉండాది కదా.’’

‘‘డబ్బుకు కాదండి.’’

‘‘డబ్బుకు కాదని నాకు తెలుసు. బెంచీకి ఎట్ల తెలస్తాది?’’

ఇంకో బుష్ బిగించాడు. లోపల తాలింపు వాసన వస్తోంది. ఆయన భార్య గుమ్మం దాకా వచ్చి, నన్ను చూసి, ఒక్క క్షణం ఆగి లోపలికి వెళ్లింది. నేను పెట్టె ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

‘‘సాపాటు అయిందా?’’ అన్నాడు మునిరత్నం. తల ఎత్తలేదు.

ఆదివారం లాడ్జి కింద హోటల్ తెరవలేదు. పొద్దుటి నుంచి టీ తాగడం తప్ప ఏమీ తినలేదు. ‘‘అయిందండి’’ అన్నాను.

‘‘సరేప్పా. బద్రంగా పో.’’

బస్టాండులో రెండు అరటిపళ్లు కొనుక్కుని బెంగళూరు బస్సెక్కాను. సోమవారం హైదరాబాద్ కంపెనీకి రానని చెప్పేశాను. ఇక నెలకొకసారి హోసూరు వెళ్లాలి. ఆ ఊళ్లో నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. ఆ ఇంటికి పని మీద వెళ్లే వీలు లేదు, పని లేకుండా వెళ్లేంత చనువు ఇంకా ఏర్పడలేదు.